అరుగున్న అంగడి

మా ఇంటి బీరువాలో నిఘంటువులకూ పాత పంచాంగాలకూ నడుమ ఒక కాగితం ఉంది. సాదా తెల్ల కాగితం. దాని మీద నీలి సిరాతో చేత్తో గీసిన గీతలు, పైనా కిందా ప్లాస్టిక్ పొర. ఇంటికి వచ్చిన అమెరికా మిత్రులు దాన్ని చూసి పూజకు సంబంధించిన యంత్రమేమో అనుకుంటారు. మనవాళ్ళు మాత్రం ఇట్టే గుర్తుపడతారు. అది పులి-మేక ఆట పటం. దాన్ని ఎవరు గీశారో, తిరిగి నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే మూతపడిన ఒక దుకాణం గురించి చెప్పాలి. ఆ మూతపడటంలో నా వంతు కూడా కొంత ఉంది కాబట్టి ఈ టపా సగం ముచ్చట, సగం ఒప్పుకోలు.

2004 డిసెంబరులో ఉద్యోగం పేరున మినెసోటా రాష్ట్రానికి, మినియాపొలిస్ శివారుకు వచ్చి పడ్డాను. గోదావరి జిల్లా వాణ్ణి. చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవ గట్టున కమ్ముకునే మంచు అనుకునేవాణ్ణి. ఇక్కడ సాయంత్రం అయిదింటికల్లా చీకటి, మోకాలి లోతు మంచు. ఆఫీసు, అద్దె గది, వారానికొకసారి సరుకుల కొట్టు. ఈ మూడింటి మధ్య తిరుగుతూ, శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అన్న 'వస్తాను' తరువాత మళ్ళీ సోమవారం ఉదయం దాకా నోరు విప్పని వారాంతాలు ఎన్నో గడిపాను.

మా గదికి రెండు వీధుల అవతల, ఒక లాండ్రీకీ ఒక క్షవరశాలకూ మధ్య ఇరుకుగా ఒక కొట్టు ఉండేది. రాత్రి పది దాటినా అందులో దీపాలు వెలుగుతుండేవి. అద్దంలోంచి చూస్తే పది పన్నెండు మంది బల్లల చుట్టూ చేరి తలలు వంచుకుని ఏదో ఆడుతూ కనిపించేవారు. చేతుల్లో ముక్కలు. పేకాట క్లబ్బు కాబోలు అనుకున్నాను. మన ఊళ్ళలో 'క్లబ్బు' అన్న మాటకున్న పరువు తెలిసినవాణ్ణి కనుక రెండు వారాలపాటు ఆ పక్కకు చూడకుండానే నడిచాను. మూడో శుక్రవారం బస్సు తప్పిపోయింది. తరువాతి బస్సుకు నలభై నిమిషాలుంది. బయట ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువన. పరువు సంగతి తరువాత, ముందు ప్రాణం అనుకుని తలుపు తోశాను.

గల్లా దగ్గర నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన ఉన్నారు. ఏం కావాలని ఆయన అడగలేదు. "అక్కడ ముగ్గురున్నారు, నాలుగో మనిషి కోసం చూస్తున్నారు. కూర్చుంటారా?" అని అడిగారు.

కూర్చున్నాను. ఆ రాత్రి ఆడిన ఆట కటాన్. జర్మనీలో పళ్ళ కట్టుళ్ళు తయారుచేసే వృత్తిలో ఉన్న క్లౌస్ టాయిబర్ రూపొందించిన ఆట, 1995లో వెలువడి ఆ ఏడాదే అక్కడి ఉత్తమ ఆట పురస్కారం అందుకుంది. షట్కోణపు అట్టలు పేర్చితే ఒక ద్వీపం తయారవుతుంది. పాచికలు పడినదాన్నిబట్టి కలప, ఇటుకలు, గొర్రెలు, ధాన్యం, ఖనిజం చేతికొస్తాయి. వాటితో బాటలూ ఇళ్ళూ కట్టాలి. ఎవరికీ అన్నీ దొరకవు కాబట్టి బేరమాడక తప్పదు. నోరు విప్పనివాడు ఆ ఆట గెలవలేడు. "రెండు గొర్రెలిస్తాను, ఒక ఇటుక ఇస్తారా?" అన్నాను. ఉద్యోగానికీ సరుకులకూ సంబంధం లేకుండా అమెరికాలో నేను పలికిన మొదటి వాక్యం అదే. అవతలి కుర్రాడు మూడు గొర్రెలడిగాడు. ఆ పూట మూడు బస్సులు తప్పించుకున్నాను.

*

ఈ ఆటలన్నిటినీ కలిపి ఇక్కడ టేబుల్‌టాప్ ఆటలంటారు. తేలిక కోసం నేను 'బల్లాటలు' అంటాను, భాషాభిమానులు మన్నింతురు గాక. అట్టల ఆటలు, ముక్కల ఆటలు, రంగులు వేసిన చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధాలు, పాత్ర ధరించి కథ అల్లుకుంటూ పోయే ఆటలు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటన్నిటికీ ఉన్న ఒకే ఒక పోలిక, ఎదుట మనిషి ఉండాలి. పుస్తకం కొన్నవాడు ఒంటరిగా చదువుకోగలడు, పాట కొన్నవాడు ఒంటరిగా వినగలడు. బల్లాట కొన్నవాడి చేతిలో ఉన్నది మాత్రం మరో ముగ్గురు దొరికేదాకా ఉత్త అట్టపెట్టె.

ఈ ఆటల చరిత్ర చదువుతుంటే ఈ సంగతి అడుగడుగునా తగులుతుంది. మినియాపొలిస్, సెయింట్ పాల్ పట్టణాలను కూడా మన హైదరాబాదు, సికింద్రాబాదుల్లాగే జంటనగరాలంటారు. 1969లో ఈ జంటనగరాల్లోనే డేవిడ్ వెస్లీ అనే యువకుడు తన మిత్రబృందంతో ఒక యుద్ధపు ఆట ఆడిస్తూ, సేనలను నడపటానికి బదులు ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చాడు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని పట్టుకుని బ్లాక్‌మూర్ అనే కల్పిత దేశాన్ని అల్లాడు. పొరుగున విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా ఊళ్ళో ఉన్న గ్యారీ గైగాక్స్ ఆయనతో చేయి కలిపాడు. అలా 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు.

ఆ మూడు పుస్తకాలూ చదివి ఆట నేర్చుకోవటం బ్రహ్మవిద్య. సగం నియమాలు చెప్పకుండా వదిలేసినవి, తక్కిన సగం వేరే ఆట తెలిసినవాడికే అర్థమయ్యేవి. అయినా ఆట దేశమంతా పాకింది. పుస్తకం నేర్పలేనిదాన్ని మనిషి నేర్పాడు. రైలు బొమ్మలూ విమానాల నమూనాలూ సీసపు సైనికులూ అమ్మే చిన్న చిన్న కొట్లలోకి ఆ పెట్టె చేరింది. అక్కడ గల్లా వెనకాల నిలబడ్డవాడో, శనివారం మధ్యాహ్నం వచ్చి కూర్చునే కాలేజీ కుర్రాడో తెలిసినంతవరకు చెప్పాడు. విన్నవాడు మరో ఊరికి వెళ్ళి తనకు గుర్తున్నంతవరకు చెప్పాడు. మన పౌరాణికుల పరంపర వంటిదే అనుకోండి, పాఠాంతరాలతో సహా. సముద్రం అవతల ఇంగ్లండులో 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ కూడా 1978లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో తన మొదటి దుకాణం తెరిచాకే ఆటగాళ్ళకు అదొక చిరునామాగా మారింది.

ఆ తరువాతి మలుపు 1993. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త తాను రూపొందించిన ఒక అట్టల ఆటను పట్టుకుని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే చిన్న సంస్థ దగ్గరకు వెళితే, అది అచ్చు వేయటానికి చాలా ఖర్చవుతుందనీ, తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో, ఎక్కడైనా కూర్చుని ఆడుకోగలిగింది కావాలనీ వాళ్ళు అడిగారు. అలా పుట్టింది 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. ముక్కలు పొట్లాల్లో అమ్ముతారు. పొట్లంలో ఏముందో విప్పితేగాని తెలియదు. తనకు అక్కరలేని ముక్క ఎదుటివాడికి కావాలి, ఎదుటివాడి దగ్గర ఉన్నది తనకు కావాలి. కాబట్టి కొన్న చోటే విప్పి, అక్కడే మార్చుకుని, అక్కడే ఆడటం అలవాటైంది. 2000లో ఆ సంస్థ 'ఫ్రైడే నైట్ మ్యాజిక్' పేరుతో శుక్రవారం రాత్రి పోటీలను దుకాణాలకు అప్పజెప్పింది. నేను చలికి వణుకుతూ తలుపు తోసిన రాత్రి వెలుగుతున్న దీపాలు ఆ పోటీలవే.

*

2008 జూన్‌లో నాన్నగారు వచ్చారు. లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించారు. నేనూ మా ఆవిడా ఆఫీసులకు వెళ్ళిపోతే పగలంతా ఒక్కరే. పదో రోజుకే "ఈ ఊళ్ళో మనుషులెక్కడుంటార్రా?" అని అడిగారు. వీధుల్లో కార్లు తప్ప మనిషి కనపడటం లేదని ఆయన బాధ. సాయంకాలం నడకకు వెళ్ళి అరగంటలో తిరిగొచ్చే మనిషి ఒకరోజు ఆరున్నరైనా రాలేదు. కంగారుపడి వెతుక్కుంటూ వెళితే ఆ కొట్లో కనిపించారు. అద్దంలో పెట్టిన చదరంగం బల్ల చూసి తానే లోపలికి వెళ్ళారట.

వెళ్ళేసరికి పెద్దాయనా నాన్నగారూ ఒక బల్లకు చెరోవైపు కూర్చుని ఉన్నారు. మధ్యలో కాగితం. శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు, మొత్తం ఇరవైమూడు కూడళ్ళు. మూడు పులులు, పదిహేను మేకలు. చింతపిక్కలూ గులకరాళ్ళూ దొరకక, ఆడి చూడటానికి విప్పి ఉంచిన కటాన్ పెట్టెలోంచి కొయ్యముక్కలు తీసుకున్నారు. ఆ ఆటలో ఒక్కొక్క రంగుకు సరిగ్గా పదిహేను బాటలుంటాయి, అవి మేకలైనాయి. మూడు నగరాలు పులులైనాయి. నాన్నగారి వ్యాకరణ శుద్ధమైన ఇంగ్లీషు ఆయనకు అందటం లేదు, ఆయన ముక్కుతో పలికే మినెసోటా ఇంగ్లీషు నాన్నగారికి అందటం లేదు. అయినా పులి మేకమీంచి దూకి దాన్ని తినేస్తుందనీ, మేకలన్నీ కలిసి పులికి దారి లేకుండా కట్టేస్తే గెలిచినట్టనీ ఇద్దరికీ అర్థమైపోయింది. పులుల పక్షాన ఆడిన పెద్దాయన వరుసగా మూడాటలు ఓడిపోయారు.

"ఈ ఆట ఏ కంపెనీది?" అని నన్నడిగారు.

కంపెనీ లేదన్నాను.

"మరి ఎవరు తయారుచేశారు?"

ఆ ప్రశ్న నాన్నగారికి అందింది. "మా తాతగారు నేర్పారు. మా తాతగారికి ఎవరు నేర్పారో నేనడగలేదు" అన్నారు.

పెద్దాయన పకపకా నవ్వి, "నా కొట్లో ఉన్నవాటిలో నేను అమ్మటానికి వీల్లేని ఆట ఇదొక్కటే" అన్నారు. మర్నాటికి ఆ కాగితానికి ప్లాస్టిక్ పొర వేయించి, ఎవరైనా తీసుకుని ఆడుకునే ఆటల అరలో పెట్టారు.

ఆ తరువాత మూడు నెలలూ నాన్నగారి సాయంకాలాలు అక్కడే గడిచాయి. పన్నెండేళ్ళ పిల్లలకు మేకలను నడపటం నేర్పారు. ఒకరోజు ఇంటికి నడిచి వస్తూ అన్నారు. "ఇది మన రామాలయం అరుగులాంటిదేరా. పనిలేనివాడు వచ్చి కూర్చోవచ్చు, ఎందుకొచ్చావని అడిగేవాడు లేడు. కాకపోతే మన అరుగుకు అద్దె లేదు. ఇక్కడ ఆయన అద్దె కట్టాలి కదా, ఎలా కడుతున్నాడంటావ్?"

నాలుగేళ్ళుగా ఆ కొట్లో కూర్చుంటున్న నాకు ఆ ప్రశ్న ఒక్కసారైనా తట్టలేదు. లెక్కల మాస్టారికి తట్టింది.

మన పాత గుళ్ళ మండపాల్లో, హంపి రాళ్ళ మీద, కూర్చున్నవాళ్ళు చెక్కుకున్న ఆటపటాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ నేల రాజుదో దేవుడిదో. ఆడినవాళ్ళు దానికి పైసా కట్టలేదు. రే ఓల్డెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1989లో రాసిన 'ద గ్రేట్ గుడ్ ప్లేస్' పుస్తకంలో ఇల్లు, పనిచేసే చోటు కాక మనిషికి మూడో చోటు ఒకటి కావాలంటాడు. కాఫీ దుకాణం, క్షవరశాల, పుస్తకాల కొట్టు వంటివి ఆయన ఉదాహరణలు. ఆయన చెప్పిన మూడో చోట్లలో చాలావాటికి మన అరుగుకు లేని చిక్కొకటి ఉంది. అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి కొంటేగాని మర్నాడు తలుపు తెరుచుకోదు.

*

నాన్నగారి ప్రశ్నను తరువాత పెద్దాయననే అడిగాను. దాపరికం లేకుండా చెప్పారు. పెట్టె మీద వేసిన ధరలో సగం కంటే కాస్త ఎక్కువకు టోకు వర్తకుడి దగ్గర కొంటారు. మిగిలిన తేడాలోనే అద్దె, జీతం, కరెంటు, చలికాలపు వేడి, అమ్ముడుపోక మూలన పడిన పెట్టెల నష్టం అన్నీ వెళ్ళాలి. కొట్టును నిలబెట్టేవి పెద్ద పెట్టెలు కావు, మ్యాజిక్ పొట్లాలు, విడిగా అమ్మే అరుదైన ముక్కలు, రంగు సీసాలు, శీతలపానీయాలు. కొట్టులో సగం స్థలాన్ని బల్లలే ఆక్రమించాయి. ఆ సగానికీ అద్దె ఉంది, రాబడి మాత్రం సున్నా. బల్లలు తీసేసి అక్కడ కూడా అరలు పెట్టవచ్చు కదా అన్నాను. "బల్లలు తీసేస్తే అరల్లో ఉన్నవి ఎవరు కొంటారు?" అన్నారు.

ఇంత తెలిశాక కూడా నేను చేసిన పని ఇది. 2010లో ఆ కొట్లో 'అగ్రికోలా' అనే ఆట ఆడాను. ఉవే రోజన్‌బర్గ్ రూపొందించగా 2007లో జర్మనీలో వెలువడింది. వ్యవసాయపు ఆట. పొలం దున్నాలి, విత్తాలి, దడులు కట్టాలి, కుటుంబాన్ని పెంచుకోవాలి. పద్నాలుగు ఆవృతాల్లో ఆరు కోతలొస్తాయి. కోత వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ తిండి పెట్టాలి. పెట్టలేకపోతే ఒక బిచ్చపు ముక్క చేతికిస్తారు, చివర్లో దానికి మూడు మార్కులు కోత. రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ ఆట నన్ను పట్టేసింది. పెద్దాయన కొట్టు ప్రతిని విప్పి, గంటన్నరసేపు పక్కన కూర్చుని నేర్పారు. మూడు శుక్రవారాలు ఆయన బల్ల మీద, ఆయన ప్రతితో, ఆయన దీపం కింద ఆడాను.

కొట్లో దాని ధర డెబ్బై డాలర్లు. నాలుగో శుక్రవారం రాకముందే ఇంట్లో కూర్చుని అంతర్జాలంలో యాభై రెండుకు తెప్పించుకున్నాను. పద్దెనిమిది డాలర్లు మిగిలాయని మా ఆవిడతో గొప్పగా చెప్పాను కూడా.

అంతటితో ఆగితే సగం తప్పే. ఆ పెట్టెను సంచిలో పెట్టుకుని తరువాతి శుక్రవారం ఆడటానికి ఆ కొట్టుకే తీసుకెళ్ళాను. మరెక్కడికి తీసుకెళ్ళను? ఆడేవాళ్ళున్నది అక్కడే. బల్ల మీద పెట్టె పెట్టినప్పుడు పెద్దాయన దాన్ని చూశారు. ఆయన అరలో అదే పెట్టెలు రెండున్నాయి, రెండూ కదల్లేదు. "మంచి ఆట" అన్నారు. ఒక కుర్చీ తక్కువైతే తెచ్చి వేశారు. అంతే.

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఆయనకు ఆ పెట్టె ముప్ఫై ఎనిమిది డాలర్లకు పడి ఉంటుందనుకుందాం. నేను పద్దెనిమిది మిగుల్చుకోవటానికి ఆయనకు రావలసిన ముప్ఫై రెండు పోయాయి. గంటన్నర పాఠానికి ఫీజు లేదు, మూడు శుక్రవారాల బల్లకు అద్దె లేదు.

ఈ వ్యవహారానికి అర్థశాస్త్రంలో ఒక పేరుందని తరువాత తెలిసింది. టిక్కెట్టు కొనని ప్రయాణికుడు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా దీని మీదే తలపట్టుకుంది. లీజిన్ అనే తోలు వస్తువుల తయారీ సంస్థ, తాను చెప్పిన ధరకంటే తక్కువకు అమ్మిన టెక్సాస్ దుకాణానికి సరుకు ఆపేసింది. కనీస ధర కట్టడి చేయటం దానికదే చట్టవిరుద్ధమని 1911 నుంచీ ఉన్న సూత్రాన్ని అయిదుగురు నలుగురి మీద కొట్టివేశారు. వస్తువును చూపించి, వివరించి, నేర్పే దుకాణం ఒకటి, ఆ నేర్చుకున్నవాడు చౌకగా కొనుక్కునే దుకాణం మరొకటి అయితే, చివరికి నేర్పేవాడే మిగలడన్నది ఆ తీర్పులోని వాదనల్లో ఒకటి. అది నాకు న్యాయస్థానపు వాదనలా కాక, నా సంచిలోని పెట్టె గురించి ఎవరో చెప్పినట్టే అనిపించింది.

సిగ్గుపడి మారిపోయానని రాస్తే బాగుండేది. మారలేదు. 2020 నాటికి మా ఇంట్లో ముప్ఫై ఒక్క పెట్టెలున్నాయి. వాటిలో ఆయన దగ్గర కొన్నవి తొమ్మిది.

*

ఇక్కడ ఎదుటిపక్షం మాట కూడా చెప్పాలి. దుకాణాలన్నీ రామాలయం అరుగులేమీ కావు. అసలు మాట్లాడుకుంటే మన అరుగులు కూడా అందరివీ కావు, ఎవరు కూర్చోవచ్చో ఎవరు కూడదో ఊరికి బాగా తెలుసు. 2006లో మా ఆవిడ కొత్తగా వచ్చినప్పుడు మరో పేటలోని మరో ఆటల కొట్టుకు వెళ్ళాం. గల్లా దగ్గరి మనిషి ఆవిడ అడిగినదానికి నావైపు చూసి జవాబు చెప్పాడు. బల్ల దగ్గర ఒకడు "మీ ఆయన ఆడేదాకా కూర్చుంటారా?" అన్నాడు. గాలి ఆడని గది, తుడవని నేల, కొత్తవాడు ఏదైనా అడిగితే 'అదీ తెలియదా' అన్నట్టు చూపులు. ఆవిడ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇంట్లో కూర్చుని పెట్టె తెప్పించుకునేవాళ్ళలో పద్దెనిమిది డాలర్ల కోసం చేసేవాళ్ళే కాదు, ఇటువంటి గడపలను తప్పించుకోవటానికి చేసేవాళ్ళూ ఉన్నారు. దగ్గర్లో కొట్టే లేని ఊళ్ళవాళ్ళకైతే అంతర్జాలమే దిక్కు. వాళ్ళెవరినీ నేను తప్పు పట్టను.

అందుకే అరుగు గొప్పదనం రాతిలో లేదనుకుంటాను. మా పెద్దాయన కొట్లో గోడ మీద చేత్తో రాసిన చీటీ ఒకటుండేది. 'కొత్తవారు అడిగితే ఆట ఆపి చెప్పండి.' ఎవడైనా నోరు పారేసుకుంటే ఆయన గల్లా వదిలి వచ్చి అతని పక్కన నిలబడేవారు. ఏమీ అనేవారు కాదు, నిలబడేవారంతే. ఆ నిలబడటం కూడా ఆ డెబ్బై డాలర్ల ధరలో భాగమేనని అప్పట్లో నేను లెక్కలో వేసుకోలేదు.

*

2020 మార్చిలో కరోనా వచ్చి బల్లలు గోడకు చేరాయి. విజార్డ్స్ వారు దుకాణాల్లో పోటీలు ఆపేశారు. ఇళ్ళలో చిక్కుకున్న జనం అట్టల ఆటలూ బొమ్మల పజిళ్ళూ ఎగబడి కొన్నారు, కాని ఎక్కువగా తెరల మీద కొన్నారు. పెద్దాయన తలుపు దగ్గర ఒక చిన్న బల్ల వేసుకుని, ఫోనులో చెప్పినవాళ్ళకు పెట్టెలు అందించేవారు. మంచు పడుతున్నా అలాగే నిలబడేవారు. నేను కూడా నాలుగైదుసార్లు వెళ్ళాను. ఈసారి అంతర్జాలంలో ధర చూడకుండానే కొన్నాను. అరవై అయిదేళ్ళ మనిషికి ఆ పాటి పశ్చాత్తాపం వల్ల ఒరిగేదేముంది? 2021 జనవరిలో అద్దె ఒప్పందం ముగిసింది, ఆయన పొడిగించలేదు.

చివరి వారం సగం ధరలకు అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాను. నాలుగు పెట్టెలు తీసుకుని పూర్తి ధర ఇస్తానన్నాను. ఆయన నవ్వి సగమే తీసుకున్నారు. మాస్కు చాటున ఉన్నాననే ధైర్యంతో కాబోలు, అగ్రికోలా సంగతి ఎత్తాను. పదేళ్ళనాడు ఇలా చేశానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ రోజుల్లో అలా తెచ్చుకున్నవాళ్ళు చాలామందే. కాని ఆడటానికి ఇక్కడికే వచ్చారు కదా" అన్నారు. అది క్షమో ఫిర్యాదో నేనిప్పటికీ తేల్చుకోలేకపోయాను.

వచ్చేస్తుంటే పిలిచి అరలోంచి ఆ కాగితం తీసిచ్చారు. "ఇది మీ నాన్నగారిది. పన్నెండేళ్ళు ఇక్కడే ఉంది. దీనికి ధర చీటీ అంటించలేకపోయాను" అన్నారు. పొర అంచులు లేచి ఉన్నాయి. ఏ చేతులో తెలియని చేతులు పట్టుకుని పట్టుకుని మధ్యలో మసకబారింది.

నాన్నగారు ఫోను చేసినప్పుడల్లా "కొట్టు పెద్దాయన కులాసానా?" అని అడుగుతారు. అయిదు నెలలపాటు కులాసాయేనని చెప్పాను. అబద్ధమేమీ కాదు, ఆయన నిజంగానే కులాసాగా ఉన్నారు, కొట్టే లేదు. జూన్‌లో ఒకరోజు చెప్పేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"మరి ఆ బల్లలేమయ్యాయిరా?" అన్నారు.

రెండు బల్లలు ఊరి గ్రంథాలయం వాళ్ళు తీసుకున్నారని తెలుసు. తక్కిన నాలుగూ ఎటు వెళ్ళాయో నాకు తెలియదు. అదే చెప్పాను. "తెలుసుకోవలసింది" అన్నారు.

*

ఇప్పుడు శుక్రవారాలు ఇరవై మైళ్ళ అవతల మరో కొట్టుకు వెళుతున్నాను. నడుపుతున్నది నలభై ఏళ్ళ ఒక మహిళ. కాఫీ కూడా అమ్ముతారు, బల్లకు గంట లెక్కన కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. మొదట చిరాకేసింది, తరువాత అదే నిజాయితీ అనిపించింది. పెద్దాయన పెట్టె ధరలో దాచిపెట్టిన అద్దెను ఈవిడ బిల్లు మీద రాస్తున్నారు. హైదరాబాదులో మా తమ్ముడి కొడుకు వెళ్ళే ఆటల కెఫేలో కూడా ఇదే పద్ధతట. అలాగని కష్టాలు తీరిపోలేదు. ఈ పెట్టెల్లో ఎక్కువ భాగం చైనాలో అచ్చయ్యేవే. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం చైనా సరుకు మీద సుంకాన్ని 145 శాతానికి పెంచి, మే నెలలో 30 శాతానికి దించింది. ఆ నెలరోజులూ ఆవిడ ముఖంలో చూసిన కంగారు నాకు పాత జ్ఞాపకాలు తెచ్చింది.

నేను చేయగలిగింది చాలా చిన్నది. ఎక్కడ నేర్చుకుంటే అక్కడే కొంటున్నాను, చెప్పిన ధరకే కొంటున్నాను. ఇరవై మైళ్ళ పెట్రోలు కలుపుకుంటే ఆనాడు మిగిలిన పద్దెనిమిది డాలర్లు ఎప్పుడో కరిగిపోయాయి.

మొన్నామధ్య నాన్నగారి కాగితాన్ని కూడా వెంట తీసుకెళ్ళాను. మా అమ్మాయి మేకలు తీసుకుంది, ఆ కొట్టావిడ పులులు తీసుకున్నారు. పదిహేను బాటలు, మూడు నగరాలు. సగం ఆటలో ఒక కుర్రాడు వచ్చి నిలబడి ఇదేం ఆటని అడిగాడు. మా అమ్మాయి ఆట ఆపి, మొదటి నుంచి చెప్పటం మొదలుపెట్టింది.

మీ ఊళ్ళో ఇటువంటి అరుగు ఏదైనా ఇంకా ఉంటే, దాని అద్దె ఎవరు కడుతున్నారో ఒకసారి కనుక్కోండి.